ఛత్రపురం ఇసుక, ఎలుక ఒంట్లో గడ్డ

తమ్ముడు: నమస్కారమండీ, బరంపురం నుంచి మాట్లాడుతున్నాం. కాలేజీలో జువాలజీ చెప్పే మా అక్కని పట్టుకొచ్చాను. అక్కా, మొన్న ఛత్రపురం సముద్రపు ఒడ్డుకు వెళ్లొచ్చామా, చెప్పుల్లోంచి నల్ల ఇసుక ఇంకా రాలుతూనే ఉంది. ఆ ఇసుకలో పడుకుంటే క్యాన్సర్ గడ్డలు కరుగుతాయట, మావయ్య అంటున్నాడు.

అక్క: వాట్సాప్‌లో వచ్చుంటుంది. ఆ ఇసుకలో మోనజైట్ అనే ఖనిజం ఉంది, మోనజైట్‌లో థోరియం అనే రేడియోధార్మిక లోహం ఉంది, దాన్నుంచి కొంచెం రేడియేషన్ వస్తుంది. అంతవరకే నిజం. మిగతాది ఎలుకల ప్రయోగాలకి తగిలించిన తోక.

తమ్ముడు: ఎలుకల్లో కరిగాయా మరి?

అక్క: కొన్నిట్లో. 1982లో ఆండర్సన్ అనే శాస్త్రవేత్త బృందం ఎలుకల ఒళ్లంతటికీ 15 రాడ్ల రేడియేషన్ ఇచ్చింది. అంతమాత్రానికి గడ్డ చావదు. కానీ గడ్డ మీద ఎలుక ఇమ్యూనిటీ జోరు పెరిగింది.

తమ్ముడు: రేడియేషన్ ఇమ్యూనిటీని దెబ్బ తీస్తుంది కదా?

అక్క: తీస్తుంది. ఎవరిని ముందు తీస్తుందన్నదే అసలు సంగతి. టి కణాలని ఇమ్యూనిటీకి పనిచేసే తెల్లరక్తకణాలున్నాయి, వాటిలో దాడి చేసేవి ఉంటాయి, ‘ఇక చాల్లే’ అని వాటిని ఆపేవీ ఉంటాయి. ఆపేవి ముందు పడిపోతాయని అనుకున్నారు. 1986లో నార్త్ అనే శాస్త్రవేత్త ఏకంగా 5 గ్రే, అంటే 500 రాడ్లు ఇచ్చాడు, అది చిన్న మోతాదేం కాదు. గడ్డలు పోయాయి. టి కణాలు లేని ఎలుకల్లో పోలేదు. గడ్డ ఉన్న ఇంకో ఎలుక ప్లీహంలోంచి టి కణాలు తెచ్చి ఎక్కిస్తే, తగ్గాల్సిన గడ్డ తగ్గలేదు. ఈ ఆపే కణాల్ని అప్పట్లో సప్రెసర్ కణాలనేవారు. తర్వాత ఆ పేరుకే పరువు పోయింది, అది వేరే కథ. రెగ్యులేటరీ టి కణాల పేరుతో మళ్లీ నిలబడ్డాయి, వాటి మీద పనికే 2025లో సకగుచికీ, ఇంకో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

తమ్ముడు: అయితే మనుషులకీ...

అక్క: ఆగరా. ఆ గడ్డ ఎలుకకి దానంతటది రాలేదు. పక్కన బొచ్చు గొరిగి, సూదితో చర్మం కింద క్యాన్సర్ కణాలు ఎక్కిస్తారు. బఠానీ గింజంత అయ్యాక రోజూ కాలిపర్‌తో కొలుస్తారు. అదీ కవలల్లా ఒకే వంశం ఎలుకల మధ్యే. వేరే వంశానిదైతే పరాయి కండ అని ఒళ్లే తోసేస్తుంది, రేడియేషన్ గొప్పేమీ ఉండదు. మనిషి గడ్డ ఏళ్ల తరబడి ఇమ్యూనిటీ కళ్లుగప్పి పెరిగింది.

తమ్ముడు: 15 రాడ్లంటే ఎంత?

అక్క: 150 మిల్లీసీవర్టులు. ప్రపంచంలో మనిషికి ప్రకృతి నుంచి సగటున ఏడాదికి వచ్చేది 2.4. అంటే అరవై ఏళ్లది ఒక్కసారే! కడుపు సీటీ స్కాన్లు ఓ పదిహేను అనుకో. ఒడ్డున కాసేపు పడుకుంటే అందులో ఏ మూలకీ రాదు.

తమ్ముడు: మరి డాబా మీద గోనెసంచి ఏం చేద్దాం?

అక్క: ఏ గోనెసంచి?