టైమ్‌టేబుల్, ప్రతిపదార్థం, కూరగాయల బోర్డు

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే, ఈ ఉక్కపోతలో రుషికొండ ఎక్కి వెబ్ పేజీలో ఏ ముక్క ఏమిటో బ్రౌజర్‌కి చెప్పే హెచ్‌టీఎమ్‌ఎల్ ట్యాగుల గురించి, ఎక్కడ టేబుల్ రాయాలి, ఎక్కడ డీఎల్ అనే పదాలూ అర్థాల జాబితా రాయాలి అని వినడానికి వచ్చారంటే మీకో దండం. కింద బీచ్ ఊరిస్తోందని తెలుసు. తొందరగానే వదిలేస్తాను.

ముందు నేను చేసిన తప్పు చెబుతాను. కొన్నేళ్ల కిందట ఇక్కడే విశాఖలో ఒక కాలేజీకి వెబ్‌సైట్ చేశాను. అందులో బస్సుల టైమ్‌టేబుల్ పేజీ ఒకటి. వరసల్లో స్టాపులు: కాంప్లెక్స్, మద్దిలపాలెం, హనుమంతవాక, ఎండాడ, మధురవాడ. కాలమ్స్‌లో పొద్దున మొదటి బస్సు, పొద్దున రెండో బస్సు, సాయంత్రం తిరుగు బస్సు. కంప్యూటర్‌లో ముచ్చటగా ఉంది. ఫోన్‌లో మాత్రం కుడిపక్క కాలమ్ తెగిపోతోంది. నేనేం చేశానంటే, పేజీ ఎలా కనబడాలో చెప్పే సీఎస్ఎస్‌లో టేబుల్, దాని వరసకి వాడే టీఆర్, గడికి వాడే టీడీ, ఈ ట్యాగులన్నిటికీ డిస్‌ప్లే బ్లాక్ పెట్టేసి గళ్లన్నీ ఒకదాని కింద ఒకటి పేర్చేశాను. పైనున్న హెడ్డింగుల వరస అడ్డంగా ఉందని దాచేశాను. ఫోన్‌లో చక్కగా పట్టింది. క్లయింట్ శభాష్ అన్నారు కూడా.

ఆ కాలేజీలో చూపు లేని మాస్టారు ఒకాయన ఉన్నారు. ఓ సాయంత్రం మద్దిలపాలెంలో బస్సు కోసం నిలబడి ఉంటే కలిశారు. ఫోన్ నా చెవి దగ్గర పెట్టి, "విను బాబూ" అన్నారు. తెర మీదున్నది పైకి చదివే స్క్రీన్ రీడర్‌తో ఫోన్ చదువుతోంది: "మద్దిలపాలెం. ఏడు ఇరవై. ఏడు యాభై. ఐదు నలభై. హనుమంతవాక. ఏడు ముప్పై..."

"ఈ ఐదు నలభై తెల్లవారుజామా, సాయంత్రమా?" అని అడిగారు. పొద్దున, సాయంత్రం అన్న మాటలు ఉన్నవి హెడ్డింగుల్లోనే. వాటిని దాచింది నేనే. "నువ్వు రాసింది టైమ్‌టేబులా, లాటరీ ఫలితాలా?" అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

రాత్రి ఇంటికొచ్చి చూస్తే సంగతి తెలిసింది. దాచిన హెడ్డింగులు ఒక్కటే కాదు. డిస్‌ప్లే మార్చేసరికి, ఇది టేబుల్ అని స్క్రీన్ రీడర్‌కి చెప్పడమే బ్రౌజర్ మానేసింది. హెచ్‌టీఎమ్‌ఎల్‌లో ట్యాగులు అలాగే ఉన్నాయి. నేను రాసిన టేబుల్‌ని నా సీఎస్ఎస్సే మింగేసింది.

అప్పటి నుంచి ఏది మార్కప్ చేయాల్సి వచ్చినా, అంటే ట్యాగులు పెట్టాల్సి వచ్చినా, ఒకటే చేస్తున్నాను. అందులోంచి ఒక్క ముక్క తీసి, ఊళ్లో ఉన్న మా అమ్మకి ఫోన్‌లో చదివి వినిపిస్తున్నట్టు ఊహించుకుంటాను. "ఐదు నలభై" అంటే ఆవిడకి ఏం అర్థమవుతుంది? "మద్దిలపాలెంలో, సాయంత్రం తిరుగు బస్సు, ఐదు నలభై" అనాలి. అంటే ఆ గడికి ఇటు వరస పేరూ కావాలి, అటు కాలమ్ పేరూ కావాలి. ఆ రెండూ ఉంటేనే గడికి అర్థం వస్తుందంటే, అది టేబుల్. హెడ్డింగు గళ్లకి టీడీ కాదు, టీహెచ్ వాడండి. కాలమ్ పేర్లకి స్కోప్ కాల్ అని, వరస పేర్లకి స్కోప్ రో అని రాయండి. పైన క్యాప్షన్ పెట్టండి, ఇది ఏ టైమ్‌టేబులో దిగకముందే తెలుస్తుంది. ఫోన్‌లో పట్టకపోతే టేబుల్‌ని ముక్కలు చేయకండి. చుట్టూ ఒక డివ్, అంటే ఉత్త డబ్బా లాంటి ట్యాగు, పెట్టి, పక్కకి జరిపి చూసుకునేలా ఓవర్‌ఫ్లో ఆటో ఇవ్వండి. కీబోర్డుతో కూడా జరపగలిగేలా దానికి ట్యాబ్‌ఇండెక్స్ సున్నా ఇస్తే సరి.

ఇప్పుడు దీని తోడల్లుడి దగ్గరికొద్దాం. చూడ్డానికి టేబుల్‌లాగే ఉంటుంది, కానీ కాదు. మీరందరూ స్కూల్లో రాసినదే: ప్రతిపదార్థం. ఎడమవైపు పద్యంలో పదం, మధ్యలో ఈక్వల్ గుర్తు, కుడివైపు అర్థం. మా తెలుగు మేష్టారు ఆ గుర్తులన్నీ ఒకే నిలువు గీతలో లేకపోతే మార్కు కోసేవారు. ఆ భయమే మనల్ని ఈరోజుకీ వదల్లేదు. వెబ్‌లో ప్రతిపదార్థం పెట్టేవాళ్లు స్పేస్ బార్ కొట్టీ కొట్టీ గుర్తుల్ని వరసలోకి తెస్తారు. ఇంగ్లిష్ వాళ్లయితే స్పేసుల్ని ఉన్నవి ఉన్నట్టు చూపే ప్రీ ట్యాగు, అక్షరాలన్నీ ఒకే వెడల్పుండే మోనోస్పేస్ ఫాంటు పెట్టుకుని ఎలాగో గట్టెక్కుతారు. మనకి ఆ పప్పులుడకవు. "గ" ఎంత, "ష్ట్ర" ఎంత? అక్షరానికో వెడల్పు. ఫాంటు మారగానే స్పేసులతో కట్టిన గోడ కూలిపోతుంది.

దీన్నే అమ్మకి ఫోన్‌లో చదవండి. "కప్పురం అంటే కర్పూరం." అయిపోయింది. పదమొకటి, దాని అర్థమొకటి. "పదం", "అర్థం" అని పైన కాలమ్ హెడ్డింగులు చదవాల్సిన పని లేదు. ఇక్కడ డీఎల్ వాడాలి. డీటీలో పదం, డీడీలో అర్థం. నిలువు గీత సంగతి సీఎస్ఎస్ గ్రిడ్ చూసుకుంటుంది: డీఎల్‌కి రెండు కాలమ్స్, డీడీలన్నీ రెండో కాలమ్‌లోకి. మా మేష్టారు బతికుంటే పూర్తి మార్కులు వేసేవారు.

డీఎల్ అందం చూడాలంటే "హరి" అన్న మాట తీసుకోండి. విష్ణువు, సింహం, గుర్రం, కోతి, ఇన్ని అర్థాలు. ఒక డీటీ కింద నాలుగు డీడీలు రాస్తే చాలు. తిరగేస్తే పర్యాయపదాలు: నీరు, జలం, ఉదకం మూడు డీటీలు, వాటన్నిటికీ ఒకే డీడీ. ఇదే టేబుల్‌లో చేయబోతే ఒక గడిని రెండు మూడు వరసలకి సాగదీసే రోస్పాన్‌లతో తల బొప్పి కడుతుంది. ఒక్కో పదాన్నీ దాని అర్థాలనీ కలిపి ఒక డివ్‌లో చుట్టుకోవచ్చు కూడా. హెచ్‌టీఎమ్‌ఎల్ 5.2 నుంచి, అంటే 2017 నుంచి, దానికి అనుమతి ఉంది.

మీకో ముచ్చట చెప్పాలి. టేబుల్ కంటే డీఎల్ పెద్దది, వయసులో. టిమ్ బెర్నర్స్ లీ 1991లో రాసిన మొదటి ట్యాగుల జాబితాలోనే పదకోశాల కోసం డీఎల్ ఉంది. టేబుల్ ప్రమాణాల్లోకి ఎక్కింది 1996, 97ల్లో. వచ్చీరాగానే పేజీ డిజైన్ మొత్తం దాని నెత్తినే వేశారు, అది వేరే కథ. పెద్దాయన డీఎల్‌ని మాత్రం అందరూ మర్చిపోయారు.

రైతుబజార్‌కి వెళ్దాం. ఎంవీపీ కాలనీ రైతుబజార్‌లో ధరల బోర్డు ఉందనుకోండి. వంకాయ, కిలో ఇంత. బెండకాయ, కిలో ఇంత. ఇది పేరూ ధరా, అంతే. నేనైతే డీఎల్ రాస్తాను. మీరు టేబుల్ రాసినా కొట్లాడను. ఇలాంటి చోట పంతాలకి పోయేవాళ్లని చూస్తే నాకు విసుగు. కానీ రేపు ఆఫీసరు గారు వచ్చి, "పక్కన బయటి మార్కెట్ ధర కూడా వేయండి" అన్నారు. ఇప్పుడు అమ్మకి "వంకాయ, ముప్పై రెండు, నలభై" అని చదివితే, "ఏది ఎక్కడిరా?" అంటుంది. ఆ ప్రశ్న వచ్చిన క్షణంలో అది టేబుల్ అయిపోయింది. సరుకు అదే, బోర్డు అదే, ఒక్క కాలమ్ పెరిగింది.

నాటకం స్క్రిప్టు గురించి ఎవరో చీటీ పంపారు. పాత్ర పేరు ఎడమ, డైలాగు కుడి. పాత హెచ్‌టీఎమ్‌ఎల్ 4 అయితే డీఎల్‌లో రాసుకోమంది. ఇప్పటి ప్రమాణం సంభాషణలకి డీఎల్ వద్దంటోంది. పేరా పెట్టి, పాత్ర పేరుని బోల్డ్ చేయండి, చాలు. పద్యపాదాలకి పేరాలో లైను విరిచే బీఆర్ వేస్తే సరిపోతుంది, గళ్లెందుకు?

మాటలు చాలు. ఈ ల్యాప్‌టాప్‌లో ఎన్‌వీడీఏ ఉంది, ఉచితంగా దొరికే స్క్రీన్ రీడర్. నా పాత బస్సుల పేజీ ఒకటి, సరిచేసింది ఒకటి పక్కపక్కన పెట్టాను. టేబుల్‌లో కంట్రోల్, ఆల్ట్ పట్టుకుని బాణం గుర్తులు నొక్కుతూ గడి గడికీ తిరగొచ్చు. బాబూ, ఆ ప్రొజెక్టర్ ఆపేయండి, స్పీకర్ వాల్యూమ్ పెంచండి. ముందు పాత పేజీ వినిపిస్తాను. మద్దిలపాలెంలో సాయంత్రం బస్సు ఎన్నింటికో తెలిసినవాళ్లు చెయ్యెత్తండి.