85 డిగ్రీల పంచ్-డై సెట్: ఎస్ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీల్) షీట్ విచ్చుకోవడం ఆగుతుందా? | ప్రెస్ బ్రేక్ టూల్ రివ్యూ

నమస్తే అండి. బల్ల మీద కనిపిస్తున్నది షీట్ వంచే మెషిన్ ప్రెస్ బ్రేక్‌కి 85 డిగ్రీల పంచ్ (పైనుంచి నొక్కేది), దానికి జతగా వీ12, వీ16 డైలు, అంటే 12, 16 ఎంఎం వెడల్పు వీ గాడి ఉన్న కింది అచ్చులు. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో టూల్స్ అమ్మే ఒక డీలర్ పంపించారు. ఉచితంగానే వచ్చింది. వీడియో ముందుగా చూపించమని వాళ్లు అడగలేదు, నేను చూపించలేదు. పొడవు, ఎత్తు, బరువు, మీటరుకి ఎన్ని టన్నులు, అన్నీ కేటలాగ్‌లో ఉన్నాయి, మీలో చాలామంది చూసే ఉంటారు. వాటిని మళ్లీ చదివి మీ టైమ్ తినను.

ముందు డబ్బా సంగతి. దీని మీద పెద్ద అక్షరాలతో "స్ప్రింగ్ బ్యాక్ ఉండదు" అని కొట్టారు. స్ప్రింగ్ బ్యాక్ అంటే వంచిన షీట్ వదలగానే కొంత వెనక్కి విచ్చుకోవడం. ఇది చదివితే నాకు కోపం వస్తుంది. ఎందుకంటే ఈ మాట నమ్మి కొన్నవాడు మొదటి ముక్క వంచగానే మోసపోయాననుకుంటాడు, మంచి టూల్‌ని పక్కన పడేస్తాడు. స్ప్రింగ్ బ్యాక్ లేకుండా చేసే డై ఏదీ లేదు. షీట్ వంగినప్పుడు బయటి వైపు సాగుతుంది, లోపలి వైపు నొక్కుకుపోతుంది, నడిమధ్య పొర దగ్గర ఆ లాగుడు, నొక్కుడు రెండూ తక్కువ. ఆ మధ్య భాగం యీల్డ్ దాకా, అంటే శాశ్వతంగా వంగిపోయే హద్దు దాకా, పోదు. యీల్డ్ దాటిన పొరల్లో కూడా కొంత ఎలాస్టిక్ బలం మిగిలే ఉంటుంది. పంచ్ లేవగానే ఇదంతా కలిసి షీట్‌ని వెనక్కి లాగుతుంది, యాంగిల్ విచ్చుకుంటుంది. ఎంత విచ్చుకుంటుందనేది మెటీరియల్ యీల్డ్ ఎంత, దాని ఎలాస్టిక్ మాడ్యులస్ (సాగకుండా ఎదురు నిలిచే బిగువు) ఎంత, లోపలి రేడియస్ షీట్ మందానికి ఎన్ని రెట్లు అన్నదాన్ని బట్టి ఉంటుంది. యీల్డ్ పెరిగితే ఎక్కువ, మాడ్యులస్ తగ్గితే ఎక్కువ, రేడియస్ పెరిగితే ఎక్కువ. స్టీల్ మాడ్యులస్ 200 గిగాపాస్కల్ దరిదాపుల్లో ఉంటుంది, అల్యూమినియంది 70. అందుకే మెత్తగా కనిపించే అల్యూమినియం కూడా యీల్డ్ స్టీల్‌తో సమానంగా ఉంటే దాదాపు మూడింతలు వెనక్కి వస్తుంది.

మరి 85 డిగ్రీల సెట్ ఏం చేస్తుంది? స్ప్రింగ్ బ్యాక్‌ని తగ్గించదు, దానికి కావాల్సిన చోటు ఇస్తుంది. నాకు ఈ సెట్‌లో నచ్చింది ఇదే, అందుకే దీని మీదే ఎక్కువసేపు మాట్లాడతాను.

బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి, ఏ షెడ్డుకి వెళ్లినా ప్రెస్ బ్రేక్ మీద మామూలుగా ఉండేది 88 డిగ్రీల సెట్. సీఆర్‌సీఏ (కోల్డ్ రోల్డ్ మైల్డ్ స్టీల్) ప్యానెల్ పనికి అది చాలు. 1.6 ఎంఎం సీఆర్‌సీఏ వీ12లో వంచితే ఒక డిగ్రీ అటూ ఇటూగా వెనక్కి వస్తుంది. 89కి నొక్కితే 90 వస్తుంది, ఇంకో డిగ్రీ చేతిలో మిగిలే ఉంటుంది. ఇప్పుడు అదే మెషిన్ మీదకి 2 ఎంఎం 304 గ్రేడ్ స్టెయిన్‌లెస్ ఎక్కించండి, వీ16లో. ఎయిర్ బెండింగ్‌లో, అంటే షీట్ డై గోడలకి ఆనకుండా వంచేటప్పుడు, లోపలి రేడియస్‌ని పంచ్ ముక్కు తేల్చదు, డై నోరు (వీ వెడల్పు) తేలుస్తుంది. మైల్డ్ స్టీల్‌కి ఆ రేడియస్ వీ వెడల్పులో 16 శాతం దగ్గర, 304కి 20 నుంచి 22 శాతం. అంటే వీ16లో 3.2 నుంచి 3.5 ఎంఎం, మందానికి ఒకటిన్నర రెట్లు దాటింది. ఈ టెస్ట్ ముక్క వెనక్కి వచ్చింది 2.7 డిగ్రీలు. అంటే 87.3కి నొక్కాలి. 88 డిగ్రీల సెట్‌లో షీట్ 88 దగ్గరే పంచ్ పక్కలకీ డై గోడలకీ మధ్య ఇరుక్కుపోతుంది. ఇంకా 0.7 డిగ్రీ కావాలి, చోటేమో లేదు.

అప్పుడు ఆపరేటర్ చేసేది మీకు తెలుసు. టన్నేజ్ పెంచుతాడు. గోడలకేసి గట్టిగా అదిమితే యాంగిల్ కొంత దిగుతుంది, నిజమే. దాన్నే బాటమింగ్ అంటాం. కానీ లెక్క చూడండి. ఎయిర్ బెండింగ్‌కి టన్నేజ్ అంటే 1.42 ఇంటూ టెన్సైల్ బలం ఇంటూ మందం స్క్వేర్ బై వీ. 304కి టెన్సైల్ 600 మెగాపాస్కల్ పెడితే, 2 ఎంఎం షీట్, వీ16, మీటరుకి దాదాపు 22 టన్నులు. బాటమింగ్ అంటే దానికి 3 నుంచి 5 రెట్లు. మీటరున్నర డోర్ వంచితే 33 టన్నుల పని కాస్తా 100 నుంచి 165 టన్నుల పని అవుతుంది. 100 టన్నుల మెషిన్ మీద రోజూ ఇలా చేస్తే డై భుజాలు అరుగుతాయి, పంచ్ ముక్కు చదునవుతుంది, బెడ్ వంగుతుంది. ఇంత నొక్కినా ప్రతి ముక్కకీ ఒకే యాంగిల్ రాదు, ఎందుకంటే షీట్ మందంలో 0.05 ఎంఎం తేడా ఉన్నా ఒత్తిడి మారిపోతుంది.

ఇదిగో, దగ్గరగా చూపిస్తా. 85 సెట్, అదే 304, అదే వీ16. పంచ్‌ని కిందే ఆపి, పెడల్ మీద కాలు తీసి, టూల్ బయటి నుంచి ప్రొట్రాక్టర్ పెట్టాను. 87.3. షీట్‌కీ డై గోడకీ మధ్య వెలుతురు కనిపిస్తోంది చూడండి, షీట్ గోడని తాకనే లేదు. ఇప్పుడు పంచ్ లేపుతున్నా. మూలమట్టం పెట్టాను, సందు లేదు. ప్రెషర్ గేజ్ కూడా మామూలు ఎయిర్ బెండింగ్ దగ్గరే ఉంది.

ఒక జాగ్రత్త. పంచ్ 88దే ఉంచి డై ఒక్కటి 85ది కొంటే లాభం లేదు. షీట్ 88 దగ్గరే పంచ్ పక్కలకి ఆనిపోతుంది. రెండూ మారాలి. మీ దగ్గర హెమ్మింగ్ (అంచు మడవడం) కోసం వాడే 30 డిగ్రీల పంచ్ ఉంటే ఈ 85 డైతో అది పనిచేస్తుంది, కానీ దాని మీద చెక్కిన టన్ను పరిమితి తక్కువగా ఉంటుంది, చదివి వాడండి.

స్ప్రింగ్ బ్యాక్‌ని నిజంగానే తగ్గించాలంటే మార్చాల్సింది వీ. అదే ముక్క వీ12లో వంచితే రేడియస్ 2.5 దగ్గరికి దిగింది, వెనక్కి రావడం 2.7 నుంచి 2.2కి తగ్గింది. బదులుగా మీటరుకి 22 టన్నులు కాస్తా 29 అయ్యాయి, బయటి వైపు డై గీతలు కొంచెం ఎక్కువ పడ్డాయి. కనీస ఫ్లాంజ్ (వంగి నిలబడే అంచు పొడవు) మాత్రం కలిసొచ్చింది. అది వీ వెడల్పులో సుమారు 0.7 వంతు, కాబట్టి వీ16కి 11 ఎంఎం పైన కావాలి, వీ12కి 8.5 చాలు. డ్రాయింగ్‌లో రేడియస్ రాసి ఉంటే మాత్రం వీ మార్చేముందు డెవలప్‌మెంట్ లెక్క (వంచకముందు షీట్ ఎంత పొడవు కోయాలో) మళ్లీ వేయండి, బెండ్ డిడక్షన్ (వంపు కోసం తీసేసే కొలత) మారిపోతుంది.

ఇప్పుడు సెట్టింగ్. టూల్ ఎంత మంచిదైనా ఇక్కడ తప్పితే అంతా తుక్కే. ముందు మైక్రోమీటర్‌తో షీట్ మందం మూడు చోట్ల చూడండి, వెర్నియర్‌తో కాదు. తర్వాత అదే షీట్ నుంచి, అదే రోలింగ్ దిశలో 100 ఎంఎం ముక్క కోసి, కరెక్షన్ ఏమీ లేకుండా 90 ప్రోగ్రామ్ మీద వంచండి. అది 92.4 వచ్చిందనుకోండి. వీ16లో 90 దగ్గర పంచ్ లోతు 0.1 ఎంఎం మారితే యాంగిల్ సుమారు 0.7 డిగ్రీ మారుతుంది. వీ12లో సుమారు 0.95, వీ25లో 0.45. కాబట్టి 2.4 డిగ్రీలకి 0.33 ఎంఎం దింపాలి. ఒకేసారి దింపకండి. ముందు 0.25 దింపి, కొలిచి, మిగతాది తర్వాత. స్టెయిన్‌లెస్‌ని 91 నుంచి 90కి దింపడం తేలిక, 89కి పోయినదాన్ని తెరవడం కష్టం. వంగిన చోట అది గట్టిపడిపోయి ఉంటుంది, సుత్తితో తెరిస్తే ఫ్లాంజ్ అలలా అవుతుంది.

కొలిచేటప్పుడు ప్రొట్రాక్టర్ బ్లేడు రేడియస్ మీద ఆనకుండా చూడండి. లేజర్ కట్ అంచున బర్ (పొడుచుకొచ్చిన గరుకు) ఉంటే ముందు ఫైల్ పట్టండి. చవక డిజిటల్ యాంగిల్ రూలర్ మీద నాకు నమ్మకం లేదు, 5 నిమిషాల (డిగ్రీలో 12వ వంతు) లీస్ట్ కౌంట్ ఉన్న వెర్నియర్ బెవెల్ ప్రొట్రాక్టర్ ఒకటి షాపులో ఉండాల్సిందే.

పొడవు ముక్కకి ఎడమ, మధ్య, కుడి మూడు చోట్లా కొలవండి. చివర్లు 90 ఉండి మధ్య 91 వస్తే అది స్ప్రింగ్ బ్యాక్ కాదు, మెషిన్ మధ్యలో వంగుతోంది. క్రౌనింగ్ (ఆ వంపుకి ఎదురుగా మధ్యని పైకెత్తే ఏర్పాటు) సరిచేయాలి. ఇది తెలియక లోతు పెంచితే చివర్లు 89కి పోతాయి.

చాలామంది పట్టించుకోని ఇంకో సంగతి. నెస్టింగ్‌లో, అంటే ఒకే షీట్ మీద ముక్కల్ని సర్దేటప్పుడు, షీట్ ఆదా కోసం సాఫ్ట్‌వేర్ కొన్ని ముక్కల్ని 90 డిగ్రీలు తిప్పేస్తుంది. ఒకే లాట్‌లో సగం ముక్కలు రోలింగ్ దిశకి అడ్డంగా, సగం వెంట వంగుతాయి. యాంగిల్ రెండు రకాలుగా వస్తుంది, ఆపరేటర్‌ని తిడతారు. నెస్టింగ్‌లో రొటేషన్ లాక్ చేయండి, కుదరకపోతే తిప్పిన ముక్కల మీద మార్కర్ గీత పెట్టి విడిగా వంచండి.

గ్రేడ్ విషయం కూడా. 304కి స్టాండర్డ్‌లో కనీస యీల్డ్ 205 మెగాపాస్కల్, కానీ వచ్చే షీట్‌కి అంతకన్నా చాలా ఎక్కువ ఉండొచ్చు, హీట్ (మిల్లులో కరిగించిన బ్యాచ్) మారితే అదీ మారుతుంది. మిల్ టెస్ట్ సర్టిఫికెట్ అడిగి తీసుకుని, అసలు యీల్డ్ ఎంతో ప్రోగ్రామ్ పేరు పక్కనే రాసి పెట్టుకోండి. ఉన్నట్టుండి ఒక బండిల్ డిగ్రీ ఎక్కువ విచ్చుకుంటే ముందు గ్రేడ్‌ని అనుమానించండి. 304 పేరుతో 200 సిరీస్ షీట్ వస్తే దాని యీల్డ్ ఎక్కువ, వెనక్కి రావడమూ ఎక్కువ. మాగ్నెట్ పెడితే తెలియదు, రెండూ దాదాపు అంటుకోవు.

డ్వెల్ టైమ్ (పంచ్‌ని కింద ఆపి ఉంచే సమయం) పెంచితే స్ప్రింగ్ బ్యాక్ పోతుందని కామెంట్లలో తరచూ రాస్తుంటారు. ఎయిర్ బెండింగ్‌లో దాని ప్రభావం చాలా కొద్ది. ముక్క ముక్కకీ యాంగిల్ నిలకడగా రావడానికి 0.3 సెకను పెట్టండి, అంతకు మించి పెడితే ప్రొడక్షన్ పోవడం తప్ప ఏం రాదు.

మళ్లీ టూల్ దగ్గరికి. ముక్కల కట్ బాగుంది, 835 ఎంఎంని 10, 15, 20, 40, 50, 100, 100, 200, 300గా చేశారు, ఆ రెండు 100ల్లో ఒకటి ఎడమ హార్న్ (బాక్స్ మూలలోకి దూరే కొమ్ము ఉన్న ముక్క), ఇంకోటి కుడి హార్న్. ఎత్తు తేడా చూపించే డయల్ గేజ్ పెట్టాను, చూడండి. 200 మీద జీరో చేసి 100 మీదకి జరుపుతున్నా. ముల్లు 0.01 లోపే ఆడింది. గ్రైండింగ్ లేకుండా ప్లేనర్ మెషిన్ మీద చెక్కిన పాత టూల్స్‌లో పొడవునా 0.1 ఎంఎం తేడా మామూలే, అంటే వీ16లో 0.7 డిగ్రీ అక్కడే పోయింది. ఇంతకాలం షీట్‌ని తిట్టినవాళ్లు ఒకసారి తమ టూల్ ఎత్తు కొలవండి. గ్రైండింగ్ విషయంలో ఈ కంపెనీకి పూర్తి మార్కులు.

నచ్చనిది పంచ్ ముక్కు. 0.8 రేడియస్ ఒక్కటే ఇచ్చి, 4 ఎంఎం దాకా వాడొచ్చని రాశారు. 3 ఎంఎం 304 లోపలి వైపు చూడండి, బెండ్ నడిమధ్య గీత. మొనదేలిన ముక్కు మందం షీట్‌లోకి దిగబడింది. మందం పనికి 2 ఎంఎం రేడియస్ పంచ్ విడిగా ఇవ్వాలి. డై భుజాల ఫినిష్ పరవాలేదు, కానీ హెయిర్‌లైన్ (సన్న గీతల పాలిష్) లిఫ్ట్ ప్యానెల్స్ చేసేవాళ్లు యురేథేన్ ఫిల్మ్ పరుచుకోక తప్పదు, ఫిల్మ్ వేశాక టెస్ట్ ముక్క మళ్లీ వంచాలి.

సీఆర్‌సీఏ ప్యానెల్ బోర్డులు మాత్రమే చేసేవాళ్లు ఇది కొనకండి, మీ 88 చాలు. పెద్ద రేడియస్‌ని ఒకే దెబ్బలో వంచేవాళ్లకీ ఇది పనికిరాదు, అక్కడ రేడియస్ మందానికి 10 రెట్లు దాటితే విచ్చుకోవడం ఈ ఐదు డిగ్రీల్లో ఇమడదు. 700 మెగాపాస్కల్ యీల్డ్ ప్లేట్‌కి కూడా ఇంకా తక్కువ యాంగిల్ టూల్ కావాలి. కిచెన్ ఎక్విప్‌మెంట్, ఫార్మా, లిఫ్ట్ క్యాబిన్, స్టెయిన్‌లెస్‌తో బతికే షాప్ ఏదైనా సరే, డబ్బా మీద రాసిన అబద్ధాన్ని పట్టించుకోకుండా ఇది కొనండి. డబ్బులు తక్కువైతే పంచ్, వీ12 డై ముందు, వీ16 తర్వాత.

మీ సమస్య కామెంట్‌లో రాసేటప్పుడు మెటీరియల్, మైక్రోమీటర్‌తో కొలిచిన మందం, వీ సైజు, పంచ్ యాంగిల్, వచ్చిన యాంగిల్ అన్నీ రాయండి. "రెండు డిగ్రీలు లేస్తోంది అన్నా" అని ఒక్క ముక్క రాస్తే నేను జవాబు చెప్పలేను.