ఎలివేషన్ సంగతి తర్వాత, ముందు బాత్‌రూమ్ తలుపు సంగతి తేల్చండి
(రాజమహేంద్రవరంలో విశ్రాంత ఉద్యోగుల నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వేదిక మీద ఉన్న పెద్దలందరినీ పేరుపేరునా తలుచుకుంటే నాకిచ్చిన అరగంటా దానికే సరిపోతుంది, అందుకని అందరికీ కలిపి ఒకటే నమస్కారం. శాలువా ఇప్పుడే కప్పుతామంటున్నారు, వద్దు బాబూ, ఈ ఉక్కలో అది కప్పుకుని మాట్లాడలేను, చివర్లో చూద్దాం.

నాకిచ్చిన టాపిక్ "రిటైర్మెంట్ డబ్బు, సొంతిల్లు". బ్యాంకులో హౌసింగ్ లోన్ల సీటులో చాలా ఏళ్ళు కూర్చున్నదాన్ని కదా, వడ్డీలూ వాయిదాలూ చెబుతానని పిలిచినట్టున్నారు. అవి ఏ బ్రాంచికి వెళ్ళినా చెబుతారు. నేను ఇవాళ ఆర్కిటెక్టు గురించి మాట్లాడతాను. కార్యదర్శిగారు అలా చూడకండి, దీనికీ డబ్బుకీ సంబంధం ఉంది.

ఈ హాల్లో సొంతిల్లు కట్టుకున్నవాళ్ళు చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. దించకండి. ఆర్కిటెక్టు చేత ప్లాను గీయించుకున్నవాళ్ళు మాత్రం అలాగే ఉంచి, మిగతావాళ్ళు దించేయండి. చూశారా! మాస్టారూ, మీరు ఎత్తే ఉంచారు, నిజంగా ఆర్కిటెక్టేనా? "మున్సిపాలిటీకి ప్లాను పెట్టినాయన" అంటున్నారు. సరే, అక్కడే మొదలుపెడదాం.

మున్సిపాలిటీకి ఆన్‌లైన్‌లో ప్లాను పెట్టే ఆయన్ని మనం ఎల్‌టీపీ, అంటే లైసెన్సున్న టెక్నికల్ పర్సన్, అంటాం. ఆయన పని రూల్సుకి సరిపడే బొమ్మ గీసి పర్మిషన్ తెప్పించడం. రోడ్డు వెడల్పెంత, ఇంటి చుట్టూ ఖాళీ, అదే సెట్‌బ్యాక్, ఎంత వదిలారు, ఎత్తెంత, ఇవే అందులో ఉంటాయి. మధ్యాహ్నం ఎండ ఏ గోడకి కొడుతుందో, మంచం ఎటు వేస్తారో, రాత్రి లేచి స్విచ్చి కోసం ఎక్కడ తడుముకోవాలో అందులో ఉండదు. ఉండాల్సిన పని కూడా లేదు, అది పర్మిషన్ కాగితం. ఆ కాగితాన్నే మనం మేస్త్రీ చేతిలో పెట్టి "కట్టెయ్" అంటాం. నా టేబుల్ మీదకి వచ్చిన ప్లాన్లలో ఎక్కువ భాగం అలాంటివే. దాంతోపాటు వచ్చే ఎస్టిమేటు చాలాసార్లు కావలసిన లోను నుంచి వెనక్కి లెక్కేసుకుని రాసినదే, ఇప్పుడు రిటైరయ్యాను కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను.

ఇక ఆర్కిటెక్టు అన్న మాట బోర్డు మీద ఎవరు పడితే వాళ్ళు రాసుకునేది కాదు. 1972లో ఆర్కిటెక్టుల చట్టం వచ్చింది. కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో రిజిస్టరైన వాళ్ళే ఆ పేరు పెట్టుకోవాలి. డిజైన్ పని వేరేవాళ్ళు చేసుకోవడానికి ఆ చట్టం అడ్డు రాదు, పేరు మాత్రం రిజిస్టరైన వాళ్ళదే అని 2020లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. రిజిస్ట్రేషన్ నంబరు "సీఏ" అని మొదలవుతుంది, ఆ తర్వాత సంవత్సరం, అంకె. కౌన్సిల్ వెబ్‌సైట్‌లో కొట్టి చూసుకోవచ్చు. మొహమాటపడకుండా అడగండి. బ్యాంకులో మేం మీ దగ్గర ఆధార్, పాన్, పక్కింటివాళ్ళ సంతకం అన్నీ అడిగాం కదా, మీరేమన్నా అనుకున్నారా? అనుకున్నారనుకోండి, అది వేరే విషయం.

ఇప్పుడు మా అక్కయ్య ఇల్లు. తణుకు దగ్గర. మా బావగారికి ఎలివేషన్, అదే ఇంటి ముందు భాగం సోకు, అంటే పిచ్చి. ఫోన్లో ఎక్కడో ఒక బొమ్మ చూశారు, ముందంతా అద్దాలు, పైన తేలుతున్నట్టుండే స్లాబు, రాత్రి నీలం లైట్లు. ఇల్లు పడమటి ముఖం, మన గోదావరి జిల్లాల్లో మే నెల మధ్యాహ్నం మూడింటికి ఆ అద్దాల వెనక కూర్చోగలరా ఎవరైనా? ఆర్కిటెక్టుని పెట్టుకోండి బావగారూ అని నేను అంటే, "అంత డబ్బు రెండు గీతలకా? మేస్త్రీకి పాతిక ఇళ్ళు కట్టిన అనుభవం ఉంది" అన్నారు. ఆ మిగిల్చిన డబ్బు కన్నా ఎక్కువ పోసి అద్దాలు పెట్టించారు. గృహప్రవేశానికి వచ్చినవాళ్ళందరూ ఇంటి ముందు ఫోటోలు దిగారు, నేనూ దిగాను.

తర్వాత మా అక్కయ్య అత్తగారు పడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది, వీల్ చైర్‌లో ఇంటికి తెచ్చారు. ఆవిడ గదికి ఆనుకుని బాత్‌రూమ్ ఉంది, అది చూసుకునే అందరూ నిశ్చింతగా ఉన్నారు. ఆ బాత్‌రూమ్ తలుపు రెండున్నర అడుగులు. ద్వారబంధం తీసేస్తే మిగిలేది రెండడుగుల చిల్లర. కుర్చీ పట్టలేదు. పట్టినా లోపలికి వెళ్ళదు, ఎందుకంటే గడప దగ్గర నాలుగంగుళాల మెట్టు. పోనీ తలుపు వెడల్పు చేద్దామంటే ఒక పక్క పిల్లరు, ఇంకో పక్క గోడలో పైపులు. ఆ పెద్దావిడ, తణుకులో ఒకప్పుడు ఇంటికి వచ్చిన వాళ్ళందరికీ స్వయంగా వడ్డించిన మనిషి, సొంత కొడుకు కట్టిన కొత్త ఇంట్లో హాలు మూల కర్టెను కట్టి దాని వెనక... నేను చెప్పలేను. మీకు అర్థమవుతుంది. ఆవిడ ఎవర్నీ ఏమీ అనలేదు. "ఇంత ఇల్లు కట్టాడు నాయనా" అనేది వచ్చినవాళ్ళతో. మా అక్కయ్య మాత్రం ఇప్పటికీ ఆ నీలం లైట్లు వెయ్యనివ్వదు.

తలుపు ఒక్క అర అడుగు పెంచడానికి కాగితం మీద ఎంత ఖర్చు? రబ్బరుతో చెరిపి మళ్ళీ గీయడమే కదండీ. పిల్లరు ఒక అడుగు పక్కకి జరపడం అప్పట్లో ఫోన్‌లో మాట్లాడుకునే పని. ఇక్కడున్న మనందరం అరవై దాటినవాళ్ళం. మనం కట్టే ఇల్లు మన మోకాళ్ళకి ఇప్పుడున్న ఓపికని చూసి కట్టకూడదు. మూడడుగుల తలుపు, మెట్టు లేని గడప, కమోడు పక్కన పట్టుకోవడానికి కడ్డీ, కింది అంతస్తులో ఒక పడకగది, ఇవి ముందే చెప్పండి. ఆర్కిటెక్టు అడగకపోయినా చెప్పండి. నిజానికి మంచివాళ్ళు అడుగుతారు, మొదటి కూర్చోవడంలోనే ఇంట్లో ఎవరెవరుంటారు, పొద్దున్నే ఎవరు ముందు లేస్తారు, పండక్కి ఎంతమంది వస్తారు అని అడుగుతారు. అడక్కుండా లాప్‌టాప్ తెరిచి రంగుల బొమ్మలు చూపిస్తే వేరే ఆఫీసు చూసుకోండి.

ఆ కూర్చోవడానికి మగవాళ్ళు ఒక్కళ్ళే వెళ్ళకండి దయచేసి. వంటింట్లో గట్టు ఎత్తు ఎంతుండాలో వంట చేసేవాళ్ళకి తెలుస్తుంది. వెనక వరుసలో ఆడవాళ్ళు నవ్వుతున్నారు, వాళ్ళని అడగండి, ఎంతమంది పీట వేసుకుని పై అరలు అందుకుంటున్నారో.

ఈ ఊళ్ళో మైకు పట్టుకుని కాటన్ దొరని తలుచుకోకపోతే ఊరుకోరు కదా, నేనూ తలుచుకుంటాను. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852కి పూర్తయింది. దానికి ముందే ఆయన గోదావరి అంతా తిరిగి, కొలిచి, నివేదికలు రాసి పంపించాడు. నది మీద ఆనకట్టకే కాగితం ముందు నడిచింది. మనం నూట యాభై గజాల ఇంటికి, ముహూర్తం దగ్గరపడిందని ప్లాను లేకుండా కొబ్బరికాయ కొట్టేస్తాం. తర్వాత ఏదన్నా తేడా వస్తే "కట్టేటప్పుడు చూద్దాంలే" అంటాం. కట్టేటప్పుడు చూసిన ప్రతిదానికీ పగలగొట్టిన కూలీ, పారబోసిన సిమెంటు, మళ్ళీ కొన్న ఇటుక, ఇవన్నీ మీ పీఎఫ్ డబ్బులోంచే వెళ్తాయి. బ్యాంకు పునాదికింత, స్లాబుకింత అని విడతల్లో ఇస్తుంది, పగలగొట్టినదానికి విడత ఉండదు.

ఆర్కిటెక్టు ఎంపిక విషయానికొస్తే ఫోటోలు చూసి మోసపోకండి. ఆయన కట్టించిన ఇళ్ళలో మూడు నాలుగేళ్ళు దాటినదాని అడ్రసు తీసుకుని, ఎండాకాలం మధ్యాహ్నం వెళ్ళి కూర్చోండి. వానాకాలం ఎక్కడ చెమ్మ దిగుతుందో ఇంటావిణ్ణి అడగండి. ఫోన్ చేస్తే ఆర్కిటెక్టు ఎత్తేవాడా అని కూడా అడగండి, సగం గొడవలు అక్కడే.

ఫీజు చదరపు అడుగుకింతనో, ఖర్చులో ఇంత శాతమనో, మొత్తానికి ఇంతనో మాట్లాడతారు. ఏదైనా సరే, కాగితం మీద రాసుకోండి. ఏమేం డ్రాయింగులు ఇస్తారు, కరెంటు, నీళ్ళ పైపులవి అందులో ఉన్నాయా, స్ట్రక్చరల్ ఇంజనీరు ఫీజు కలిసిందా విడిగానా, సైటుకి ఎప్పుడెప్పుడు వస్తారు. నేల మీద ముగ్గు గీసే మార్కింగ్ రోజున, స్లాబు పోసే ముందు స్టీలు చూడటానికి ఎవరో ఒకరు రావాలి. రోజూ వచ్చి మేస్త్రీ పక్కన నిలబడటం ఆర్కిటెక్టు పని కాదు, దానికి సైటు ఇంజనీరుని వేరే పెట్టుకోవాలి, ఈ తేడా తెలియకే చాలామంది "డబ్బు తీసుకుని కనపడలేదు" అని తిడుతుంటారు. మన వైపు చాలాచోట్ల నల్లరేగడి, మట్టి పరీక్ష చేయించకుండా పునాది లోతు మేస్త్రీ అంచనాకి వదలొద్దు.

వాస్తు గురించి ఎవరో చీటీ పంపారు. నాకు నమ్మకమా కాదా అన్నది పక్కన పెట్టండి. సిద్ధాంతిగారిని మొదట్లోనే కలవండి. వంట ఆగ్నేయం, బోరు ఈశాన్యం, ఇలా ఆయన షరతులన్నీ ఒక్కసారే రాయించుకుని ఆర్కిటెక్టుకి ఇవ్వండి. స్లాబు పడ్డాక ఇంకో సిద్ధాంతిని, ఆ తర్వాత వియ్యంకుడు చెప్పిన మూడో సిద్ధాంతిని తేవద్దు. మెట్లు పగలగొట్టి మరోవైపు కట్టినవాళ్ళకి ఉన్న లోను మీద అదనంగా టాపప్ లోన్లు నేనే ఇచ్చాను.

అమెరికాలో ఉన్న పిల్లలు వాట్సాప్‌లో ప్లాన్లు పంపిస్తుంటారు, ఓపెన్ కిచెన్ అంటారు. పంపనివ్వండి. మన తాళింపు ఘాటు వాళ్ళు వచ్చే రెండు వారాలే భరిస్తారు, మిగతా ఏడాదంతా మనం. ఏ మార్పయినా ఇంట్లో ఒక్క మనిషి నోటి నుంచే ఆర్కిటెక్టుకి వెళ్ళాలి. కొడుకు ఒకటి, అల్లుడు ఒకటి, బావమరిది నేరుగా మేస్త్రీకి ఇంకొకటి చెబితే ఆ దేవుడు దిగొచ్చినా ఆ ఇల్లు కుదరదు.

టైమైపోయిందని కార్యదర్శిగారు వాచీ చూపిస్తున్నారు. టాక్స్ మినహాయింపుల గురించి నేను ఏమీ చెప్పలేదు, ఆయన అడుగుతారు కూడా. వచ్చే నెల ఆడిటరుగారిని పిలవండి. ఇల్లు కడుతున్నవాళ్ళు, కట్టబోతున్నవాళ్ళు ప్లాన్లు తెచ్చి ఉంటే టీ తాగి ఆ కిటికీ పక్క బల్ల దగ్గరికి రండి. టేపు తెచ్చాను. ముందు బాత్‌రూమ్ తలుపులు చూద్దాం, ఆ తర్వాతే ఎలివేషన్. బాబూ, ఇప్పుడు కప్పు నీ శాలువా.