మన్నా నిలవ ఉండదు

సహోదరులారా, సహోదరీలారా, ప్రభువైన యేసు నామంలో మీ అందరికీ వందనాలు.

యెషయా 40:31 మనలో చాలామందికి కంఠతా వచ్చు. "యెహోవాకొరకు ఎదురు చూచువారు నూతన బలము పొందుదురు." ఈ మాటలో నూతన బలం పొందడం అన్నచోట హెబ్రీలో ఉన్న క్రియకు మార్చుకోవడం అని అర్థం. బేతేలుకు బయలుదేరే ముందు యాకోబు తన ఇంటివారితో అన్యదేవతలను పారవేసి, మీ వస్త్రాలు మార్చుకోండి అంటాడు. ఆదికాండము 35:2లోని ఆ "మార్చుకోండి" ఇదే క్రియ. నరికేసిన చెట్టు మళ్లీ చిగురిస్తుందని యోబు 14:7లో అన్నప్పుడూ ఇదే క్రియ.

కాబట్టి మన బలానికి ఇంకాస్త బలం కలపడం గురించి యెషయా మాట్లాడటం లేదు. మాసిన బట్ట విడిచి ఉతికిన బట్ట కట్టుకున్నట్టు, మన బలం విడిచి ఆయన బలం తొడుక్కోవడం గురించి చెబుతున్నాడు. పాత బట్ట మీదే కొత్త బట్ట వేసుకోవాలని చూస్తాం కాబట్టే చాలాసార్లు మార్పు కనిపించదు. నా తెలివి, నా అనుభవం, నాకున్న పరిచయాలు అన్నీ అలాగే ఉండాలి, పైన దేవుని ఆశీర్వాదం కూడా ఉండాలి. ఇలా అడిగే ప్రార్థనలో ఆధారపడటం లేదు, సహాయకుణ్ణి పిలుచుకోవడమే ఉంది.

ఇక ఆ బలం ఏ లెక్కన దొరుకుతుంది? దీనికి నిర్గమకాండము 16 కంటే స్పష్టమైన జవాబు నాకు కనిపించదు. అరణ్యంలో ఇశ్రాయేలీయులకు దేవుడు కురిపించిన ఆహారమే మన్నా. తలకు ఒక ఓమెరు, అంటే ఏఫా అనే కొలతలో పదో వంతు. ఉదయమే వెళ్లి ఏరుకోవాలి, ఎండ ముదిరితే కరిగిపోతుంది. ఎక్కువ ఏరినవారికి మిగల్లేదు, తక్కువ ఏరినవారికి తక్కువ కాలేదు. రేపటికని దాచినవారి మన్నా తెల్లారేసరికి పురుగుపట్టి కంపుకొట్టింది. ఆరో రోజు మాత్రం రెండు ఓమెరులు ఏరుకోమన్నాడు, ఆ రాత్రి దాచినది చెడిపోలేదు. అదే మన్నా, అదే గిన్నె. దేవుడు దాచవద్దన్న రోజు దాచింది చెడింది, దాచమన్న రోజు దాచింది నిలిచింది. తేడా అంతా ఆయన మాటలో ఉంది. ఇలా 40 సంవత్సరాలు నేర్పాడు.

ఇది మన ఆత్మీయ జీవితానికి నేరుగా తగులుతుంది. మూడు రోజుల కూటాలకు వెళ్లి, కన్నీళ్లతో ప్రార్థించి, నిండుగా ఇంటికి వస్తాం. పది రోజులకు ఎండిపోతాం. అప్పుడు ఆ కూటాల్లో జరిగింది నిజం కాదేమో అని అనుమానం వస్తుంది. అది నిజమే. నిన్నటి మన్నా నిజమైన మన్నానే, కానీ అది నిన్నటిది. ప్రభువు నేర్పిన ప్రార్థనలో "మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము" అని ఉంది. నెలకు సరిపడా అడగమని ఆయన చెప్పలేదు. యోహాను 15లో 4వ వచనం నుంచి 10వ వచనం వరకు "నిలిచి ఉండటం" అనే గ్రీకు క్రియ పదిసార్లు వస్తుంది. ఇన్నిసార్లు చెప్పాడంటే మనం ఎంత తేలిగ్గా జారిపోతామో ఆయనకు తెలుసన్నమాట. తీగె తన దగ్గర రసాన్ని దాచుకోదు, ద్రాక్షావల్లి నుంచి వస్తూ ఉంటేనే పచ్చగా ఉంటుంది.

సరే, రోజూ ఏరుకోవడం ఎలా? బ్రిస్టల్‌లో అనాథాశ్రమాలు నడిపిన జార్జి ముల్లర్ 1841లో తన ఉదయకాల పద్ధతిని మార్చుకున్న సంగతి రాసి పెట్టాడు. అది నేటికీ పనికొస్తుంది. అంతకుముందు ఆయన లేవగానే ప్రార్థనకు కూర్చునేవాడు. మనసు పావుగంట, ఒక్కోసారి అరగంట ఎక్కడెక్కడో తిరిగేది. ఆ తర్వాత క్రమం తిప్పాడు. ముందు వాక్యం చదివి ధ్యానించడం, ఆ ధ్యానంలో నుంచే ప్రార్థనలోకి వెళ్లడం. ఇతరులకు బోధించడానికి ఏం దొరుకుతుందా అని కాకుండా, తన ఆత్మకు ఆహారం కోసం చదివేవాడు. సేవలో ఉన్నవారు ఈ చివరి మాటను ప్రత్యేకంగా పట్టించుకోవాలి. ప్రసంగానికి సిద్ధపడటం ఒక పని, తినడం వేరే పని. వంట చేసినవాడి ఆకలి వంట చేయడం వల్ల తీరదు.

ఆచరణలో పెట్టాలంటే ఇరవై, ముప్పై నిమిషాలు చాలు. ఫోను వేరే గదిలో పెట్టండి. పది పదిహేను వచనాలకు మించకుండా ఒక భాగం తీసుకుని రెండుసార్లు, రెండోసారి పెదవులు కదిలేలా చదవండి. ఇక్కడ దేవుడు ఎలాంటివాడుగా కనబడుతున్నాడు అన్నది మొదటి ప్రశ్న. నేనేం చేయాలి అన్నది తర్వాత. ఈ వరుస తప్పితే వాక్యం పనుల జాబితా అయిపోతుంది, మళ్లీ మన బలం మీదే పడతాం. తర్వాత ఆ వచనాల్లో దొరికిన మాటలతోనే స్తుతించండి, ఒప్పుకోండి, అడగండి. చివరగా ఆ రోజు కలవబోయే మనుషులను, తీసుకోబోయే నిర్ణయాలను పేరుపేరునా ఆయన ముందు పెట్టండి. వాటిలో "ఇది నాకు బాగా తెలిసిన పనే" అనిపించిన దాని దగ్గర ఎక్కువసేపు ఆగండి.

ఎందుకో చెబుతాను. ఆధారపడటం కష్టాల్లో పోదు, ఎక్కువగా విజయం తర్వాత పోతుంది. యూదా రాజైన ఆసాను చూడండి. కూషీయుడైన జెరహు పది లక్షల సైన్యంతో, 300 రథాలతో వచ్చినప్పుడు ఆసా యెహోవాకు మొరపెట్టి గెలిచాడు. ఏళ్లు గడిచాయి. ఆయన ఏలుబడిలో 36వ సంవత్సరాన ఇశ్రాయేలు రాజు బయెషా, యూదాకు రాకపోకలు ఆపాలని రామా పట్టణాన్ని కట్టించడం మొదలుపెట్టాడు. ముప్పు మునుపటి కంటే చిన్నది. ఈసారి ఆసా మందిరంలోని వెండి బంగారాలు తీసి, బయెషాకు ఎదురు తిరగమని సిరియా రాజుకు పంపాడు. ఆ ఉపాయం ఫలించింది కూడా, బయెషా పని మానుకుని వెళ్లిపోయాడు. నన్ను ఎక్కువగా భయపెట్టేది ఈ భాగమే. ఉపాయం పారినంత మాత్రాన దేవుడు మెచ్చుకున్నాడని కాదు. దీర్ఘదర్శి హనానీ వచ్చి గద్దిస్తే ఆసా ఆయనను చెరసాలలో వేయించాడు. 39వ సంవత్సరంలో పాదాల్లో జబ్బు వచ్చినప్పుడు కూడా యెహోవాను అడగలేదు, వైద్యులనే నమ్ముకున్నాడు.

ఈ చివరి వచనం చూపించి మందులు మానేయమని ఎవరైనా చెబితే వినకండి. వైద్యుల దగ్గరకు వెళ్లడం ఆసా తప్పు కాదు, దేవుణ్ణి పక్కన పెట్టడం తప్పు. పౌలుకు ప్రియుడైన లూకా వైద్యుడే.

అలాగే ఆధారపడటమంటే చేతులు ముడుచుకుని కూర్చోవడమని కూడా అనుకోకండి. యెరూషలేము గోడ తిరిగి కట్టించిన నెహెమ్యా, శత్రువులు బెదిరించినప్పుడు ఏం చేశాడో చూడండి. నెహెమ్యా 4:9లో, "మేము మా దేవునికి ప్రార్థన చేశాం, రాత్రింబగళ్లు కావలి ఉంచాం" అన్న భావం ఒకే వాక్యంలో ఉంది. ప్రార్థన మాత్రమే చేసి కావలి మానితే అది దేవుణ్ణి శోధించడం. కావలి మాత్రమే పెట్టి ప్రార్థన మానితే ఆసా దారి. అంతకుముందు పారసీక రాజు ముందు నిలబడి జవాబు చెప్పేలోపు నెహెమ్యా చేసిన చిన్న ప్రార్థన మనకు ఇష్టమైన సంగతి. దాని వెనుక కిస్లేవు నెల నుంచి నీసాను నెల వరకు, అంటే దాదాపు నాలుగు నెలల ఉపవాసం, కన్నీళ్లు ఉన్నాయి. పొడుగు ప్రార్థన అలవాటున్న నోటికే క్షణంలో చేసే పొట్టి ప్రార్థన వస్తుంది.

ఇప్పుడు అలసిపోయినవారి సంగతి. అలసటను వెంటనే పాపమనో విశ్వాసలోపమనో అనేస్తాం. 1 రాజులు 19లో ప్రవక్తయైన ఏలీయా ప్రాణభయంతో పారిపోయి బదరీవృక్షం కింద కూర్చుని చావు కోరుకున్నాడు. దేవుడు గద్దించలేదు, ప్రసంగం చేయలేదు. నిద్రపోనిచ్చాడు. దూత తట్టి లేపి నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు ఇచ్చాడు. మళ్లీ పడుకోనిచ్చాడు, మళ్లీ పెట్టాడు. "నీ శక్తికి మించిన ప్రయాణము" అన్న మాట అప్పుడు వచ్చింది. ఆ బలంతో 40 రాత్రింబగళ్లు నడిచి హోరేబు కొండ చేరాక గానీ అసలు ప్రశ్న వేయలేదు: ఇక్కడ నీవేమి చేస్తున్నావు? "నేనొక్కడినే మిగిలాను" అన్న ఏలీయాకు, తనకు నమ్మకంగా నిలిచినవారు ఇంకా 7,000 మంది ఉన్నారని చెప్పి, తోడుగా ఎలీషాను ఇచ్చాడు. కాబట్టి ఎవరైనా ఎండిపోయి వస్తే ముందు అడగవలసినవి ఇవే. నిద్ర సరిగా పడుతోందా? భోజనం చేస్తున్నావా? వారంలో ఒక విశ్రాంతి దినం ఉందా? నీ భారం ఎవరితోనైనా చెప్పుకున్నావా? వారాల తరబడి చీకటి వదలకపోతే, చచ్చిపోవాలనిపిస్తే, సంఘపెద్దకు చెప్పడంతో పాటు వైద్యుణ్ణి కలవాలి. దూత చేతి రొట్టె లాగే అది కూడా దేవుడు పెట్టిన సాయం.

వీటన్నిటి తర్వాత కూడా ప్రార్థనకు మాటలు రాని రోజులు ఉంటాయి. అప్పుడు కీర్తనల మాటలు అరువు తెచ్చుకోండి. రోజుకు ఐదు చొప్పున 150 కీర్తనలు 30 రోజుల్లో పూర్తవుతాయి. మీ మనసుకు సరిపడనివి వచ్చినా దాటవేయకండి. 88వ కీర్తన వరకు వెళ్తే, దాని చివరి మాట చీకటి. వెలుగు వచ్చిందని ఆ కీర్తనకారుడు రాయలేదు. అయినా ఆ మాటలన్నీ తనకు రక్షణకర్త అయిన దేవునితోనే అన్నాడు, ఆ చీకటిని ఆయన ముందే పెట్టాడు. అది కూడా చదవలేని రోజున మోకాళ్ల మీద ఊరికే ఉండండి. "ఉచ్చరింప శక్యముకాని మూలుగులతో" ఆత్మ తానే మన పక్షంగా విజ్ఞాపన చేస్తున్నాడని రోమా 8:26లో రాసింది, ఎలా ప్రార్థించాలో తెలియనివారి కోసమే.