ఏసీ సర్వీసింగ్‌కి మనిషిని పెట్టుకునేటప్పుడు

నమస్కారమండీ. గాలిలో తేమ ఎక్కువుండే చోట ఏసీ చేసే పని చల్లబరచడం ఒక్కటే కాదు, గదిలో ఉన్న తడిని లాగి బయటికి పంపడం కూడా. అసలు మొదట తయారుచేసిందే అందుకు. 1902లో విల్లిస్ క్యారియర్ అనే ఇంజనీరు బ్రూక్లిన్‌లో ఒక ప్రింటింగ్ ప్రెస్సు కోసం దీన్ని డిజైన్ చేశాడు, అక్కడ తేమకి కాగితం సాగిపోయి ఒక రంగు మీద ఇంకో రంగు సరిగ్గా కూర్చునేది కాదు, ఆ ఇబ్బంది తీర్చడానికన్నమాట.

అందుకే సర్వీసింగ్‌కి వచ్చినతను నీళ్ళ సంగతి పట్టించుకుంటున్నాడా లేదా అని ముందు చూడమంటాను. ఫిల్టర్ కడిగి పైపైన తుడిచి సంతకం పెట్టించుకుని వెళ్ళిపోతే ఎలాగండీ, ఫిల్టర్ మనమే కడుక్కోవచ్చు కదా. కవర్ విప్పి కాయిల్, అంటే గాలిని చల్లబరిచే గొట్టాల చుట్ట, చూడాలి, దాని కింద నీళ్ళు పడే ట్రే చూడాలి, అక్కడ జిగటగా పాకుడు పడుతుంది, అది డ్రైన్ పైపులోకి జారి అడ్డం పడిందంటే బయటికి పోవాల్సిన నీళ్ళు గోడమీంచి కారతాయి, గోడ బూజు పడుతుంది. పని తెలిసినతను పైపు శుభ్రం చేసి ఊరుకోడు, ట్రేలో కాసిని నీళ్ళు పోసి అవతల కొసన ధారగా పడుతున్నాయో లేదో వెళ్ళి చూసొస్తాడు.

ఇక గ్యాస్. "గ్యాస్ తగ్గిందండీ, నింపేస్తా" అంటే వెంటనే సరే అనకండి. అది బండిలో పెట్రోల్ లాగా వాడితే అయిపోయేది కాదు, తగ్గిందంటే ఎక్కడో లీకున్నట్టే. లీకెక్కడో చూపించమనండి, ముందు అది మూయించండి. ఆ తర్వాత గ్యాస్ నింపేముందు వాక్యూమ్ పంప్ పెట్టి లోపలి గాలంతా తీసెయ్యాలి, తేమ గాలి లోపల ఉండిపోతే గ్యాస్‌తో, ఆయిల్‌తో కలిసి యాసిడ్ తయారై, గ్యాస్‌ని నొక్కి తిప్పే కంప్రెసర్‌ని తినేస్తుంది. మీ దగ్గర వాక్యూమ్ పంప్ ఉందా అని ఫోన్‌లోనే అడగండి, లేదంటే ఇంకొకరిని చూసుకోవడం మంచిది.

కొన్ని ఇళ్ళల్లో గది చల్లగానే ఉంటుంది కానీ దుప్పటి తడితడిగా తగులుతుంది. గదికి మించిన పెద్ద ఏసీ పెట్టినా అలా అవుతుందండీ, అది చకచకా చల్లబరిచి ఆగిపోతుంది, తేమ లాగడానికి దానికి టైమ్ దొరకదు. తేమ కొలిచే చిన్న మీటర్ ఒకటి ఇంట్లో పెట్టుకోండి, 60 శాతం దాటకూడదు, 30 నుంచి 50 మధ్య ఉంటే హాయి. సర్వీసింగ్‌కి ముందు ఎంతుంది, తర్వాత ఎంతుంది అని రాసుకుంటే అతను చేసిన పని మీకే తెలుస్తుంది.

ఏడాది కాంట్రాక్ట్ రాసుకునేటప్పుడు ఏవేం చేస్తారో, ఏ పార్టులకి విడిగా డబ్బులో కాగితం మీద ఉండాలి. వేసవికి ముందొకసారి, ఇంట్లో హీటింగ్ కూడా ఉంటే చలికాలానికి ముందొకసారి రమ్మనండి. గ్యాస్‌తో నడిచే హీటర్ అయితే దాని పొగగొట్టం, లోపల పగుళ్ళు తప్పనిసరిగా చూడాలి, ఎందుకంటే అక్కణ్ణించి ఇంట్లోకి కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు రావచ్చు, దానికి రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. అలాంటి ఇంట్లో పడకగదుల దగ్గర ఆ వాయువుని పసిగట్టే అలారం ఉండి తీరాలి, అతను ఉన్నప్పుడే బటన్ నొక్కి మోగుతోందో లేదో చూసుకోండి. ఉంటానండీ.