బెంగ తీర్చే బల్ల

శ్రోతలకు నమస్కారం.

మా నాయనమ్మకు ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ముఖం వేలాడేసుకుని వస్తే ఏమైందని అడిగేది కాదు. చేటలో చిక్కుడుకాయలు పోసి వాళ్ల వైపు జరిపేది. ఇద్దరూ అరుగు మీద పక్కపక్కనే కూర్చుని ఈనెలు తీసేవాళ్లు. చేతులకు పని దొరికేది, కళ్లు చేటలోనే ఉండేవి. మొహంలోకి గుచ్చి చూసేవాళ్లు లేకపోయేసరికి కాసేపటికి నోరు పెగిలేది. కొత్తగా కాపురానికి వచ్చిన పక్కింటి కోడలు ఒక సాయంత్రం సగం చేట అయ్యేసరికి భోరుమంది. నాయనమ్మ ఓదార్చలేదు. ఊఁ కొడుతూ అంతా విని, చివర్లో "మరి ఇప్పుడు ఏం చేద్దామనుకుంటున్నావమ్మా?" అంది. అంతే.

అప్పట్లో నాకు అది రాతిగుండెలా కనిపించింది. జింబాబ్వే అవ్వల సంగతి తెలిశాక గాని అందులోని నేర్పు బోధపడలేదు.

ఆ దేశ రాజధాని హరారేలో డిక్సన్ చిబాండా అనే మానసిక వైద్యుడు ఉన్నారు. 2005లో ఆయన దగ్గర వైద్యం చేయించుకున్న ఒక యువతి ఆత్మహత్య చేసుకుంది. మళ్లీ ఆస్పత్రికి ఎందుకు తీసుకురాలేదని ఆయన అడిగితే, బస్సు ఛార్జీలకు 15 డాలర్లు లేవని తల్లి చెప్పింది. ఆ జవాబు ఆయనను కుదురుగా ఉండనివ్వలేదు. రోగి రాలేకపోతే వైద్యమే రోగి ఉన్న పేటకు వెళ్లాలి. కానీ కోటికి పైగా జనాభా ఉన్న దేశంలో అప్పట్లో పట్టుమని పదిహేను మంది మానసిక వైద్యులు లేరు. ఎవరిని పంపుతారు?

పంపడానికి దొరికింది అవ్వలే. హరారేలోని ఎంబారే అనే పేదల పేటలో, ఆరోగ్య కార్యకర్తలుగా పనిచేస్తున్న 14 మంది అవ్వలతో 2006లో పని మొదలైంది. అంతకు ముందు ఏడాదే ప్రభుత్వం 'చెత్త ఊడ్చివేత' అంటూ నగరాల్లో గుడిసెలను, చిన్న దుకాణాలను కూల్చివేసింది. ఐక్యరాజ్యసమితి లెక్క ప్రకారం దాదాపు 7 లక్షల మంది ఇల్లో, బతుకుతెరువో, రెండూనో పోగొట్టుకున్నారు. అక్కడి జనం భయం ఉత్త భ్రమ కాదు. మనసు బాగు చేసుకోమని ఊరికే ఉపదేశాలు ఇచ్చేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకుంటే బాగుంటుంది.

వాళ్లకు ఆస్పత్రిలో గది దొరకలేదు. ఆవరణలో ఒక బల్ల వేసుకున్నారు. డాక్టరు దానికి 'మానసిక ఆరోగ్య బల్ల' అని పేరు పెట్టబోతే అవ్వలు కొట్టిపారేశారు. ఆ పేరు వింటే దాని మీద ఎవరూ కూర్చోరన్నారు. అలా అది 'స్నేహపు బల్ల' అయింది. 'డిప్రెషన్' అనే మాటనూ వాళ్లు పక్కన పెట్టారు. వాళ్ల షోనా భాషలో 'కుఫుంగిసిస' అనే మాట ఉంది. మరీ ఎక్కువగా ఆలోచించడం అని అర్థం. మనకూ ఇలాంటి మాట ఒకటుంది: బెంగ. బెంగ పెట్టుకున్నాడు అంటే ఎవరూ పిచ్చివాడనుకోరు, జాలిపడతారు. ఇంత మంచి మాటను మనం చిన్నపిల్లలకే వదిలేశాం.

బల్ల మీద కూర్చున్న మనిషిని అవ్వ ముందుగా 14 ప్రశ్నలు అడుగుతుంది. నిద్ర పడుతోందా, ఏడుపు వస్తోందా, ఇలాంటివి. ఆ తర్వాత వింటుంది. కష్టాలన్నీ బయటికి వచ్చాక, వాటిలో ముందు ఏ ఒక్కదాని సంగతి చూద్దామో వచ్చిన మనిషే ఎంచుకోవాలి, దారీ ఆ మనిషే వెతకాలి. అవ్వ వెంట ఉంటుంది. తర్వాత అదే బాధపడ్డవాళ్లంతా ఒకచోట చేరి, సంచులు అల్లుకుంటూ మాట్లాడుకుంటారు. చిక్కుడుకాయల చేట గుర్తుకు రావడం లేదూ?

ఇది ఉత్త కబుర్ల వ్యవహారమేమో అని అనుమానపడేవాళ్లకు ఒక లెక్క చెబుతాను. హరారేలోని 24 ఆరోగ్య కేంద్రాల్లో 573 మందితో చేసిన పరీక్ష ఫలితాలు 2016లో వైద్య పత్రికలో అచ్చయ్యాయి. ఆరు నెలల తర్వాత, మామూలు వైద్యం అందినవారిలో సుమారు సగం మందికి కుంగుబాటు లక్షణాలు మిగిలాయి. బల్ల మీద కూర్చున్నవారిలో అవి మిగిలింది నూటికి 14 మందికే. ఆ తర్వాత ఈ బల్ల మలావీకి, జాంజిబార్‌కు, న్యూయార్క్‌కు కూడా వెళ్లింది.

అయితే మన అరుగులన్నీ స్నేహపు బల్లలేనని నేను అనను. అక్కడ చెప్పుకున్న కన్నీళ్లు తెల్లారేసరికి చెరువుగట్టు దాకా పాకిన సందర్భాలు నాకు తెలుసు. నలుగురు ఏమనుకుంటారో అన్న భయం పుట్టింది కూడా ఆ అరుగుల మీదే. జింబాబ్వే అవ్వలకు శిక్షణ ఉంటుంది. విన్నది బయట పెట్టకూడదన్న కట్టుబాటు ఉంటుంది. ప్రాణం మీదికి వచ్చేలా కనిపిస్తే ఆ మనిషిని పై వైద్యానికి పంపుతారు. మనకూ మనసు బాగోలేనివాళ్ల కోసం 2022 అక్టోబరు నుంచి 'టెలీ మానస్' అనే ఉచిత ఫోను సేవ ఉంది. నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు.

మా అపార్ట్‌మెంటులో వాచ్‌మన్ గది పక్కన ఒక సిమెంటు బల్ల ఉంది. మూడో అంతస్తులో ఉండే పెద్దాయన భార్య పోయినప్పటి నుంచి లిఫ్టు ఎక్కడం మానేశారు, అందులో ఎవరైనా పలకరిస్తారని. మొన్న ఒక సాయంత్రం ఎందుకో ఆ బల్లకు ఆ చివర కూర్చున్నారు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "రాత్రిళ్లు ఫోను మోగితే గుండె దడదడలాడుతోందండీ" అన్నారు. నా దగ్గర అప్పటికే మూడు సలహాలు సిద్ధంగా ఉన్నాయి. నాలుక దురద పెట్టింది. మింగేసి, సంచిలోని చిక్కుడుకాయలు తీసి పాత పేపరు మీద ఇద్దరి మధ్యా పోశాను. ఆయనకు ఈనె తీయడం రాదు, అడ్డదిడ్డంగా తుంచారు. మధ్యమధ్యలో ఏదో చెప్పారు. ఏం చెప్పారన్నది మీకు చెప్పను. అరకిలో కాయలూ అయ్యాక లేచి, పంచె దులుపుకుని, "రేపు ఏం కూర?" అని అడిగారు.