పాత వాషింగ్ మెషిన్ ప్రకటనల్లో తప్పులు

అందరికీ నమస్కారం.

పాత అమెరికన్ పత్రికల్లో వాషింగ్ మెషిన్ ప్రకటన కనబడితే మన కళ్లు ముందు ఆ నవ్వుతున్న ఇల్లాలి మీదికి పోతాయి. ఆవిణ్ణి కాసేపు పక్కన పెట్టి, నీళ్లు ఎటు నుంచి వస్తున్నాయో, ఎటు పోతున్నాయో వెతకండి. చాలా బొమ్మల్లో పైపు ఉండదు, కరెంటు తీగ ఉండదు, మురికినీళ్లు పోయే దారే ఉండదు. అందం కోసం తీసేశారని సరిపెట్టుకోవచ్చు. కానీ కొన్ని తప్పులు అంత తేలిగ్గా వదిలేసేవి కావు.

1937లో బెండిక్స్ సంస్థ ఇళ్ల కోసం ఆటోమేటిక్ మెషిన్ తెచ్చింది. ముందువైపు గుండ్రటి అద్దం తలుపు, ఉతకడం, జాడించడం, పిండడం అన్నీ దానంతటదే. అయితే ఆ తొలి మోడళ్లు పిండేటప్పుడు విపరీతంగా అదిరేవి. అందుకే వాటిని నేలకు బోల్టులతో బిగించాల్సి వచ్చేది. అలాంటి మెషిన్ నున్నటి చెక్కనేల మీద ఊరికే నిలబడి ఉన్నట్టు గీస్తే, కొనేవాళ్లకు అసలు సంగతి దాచినట్టే.

ఆ అద్దం వెనకాల నురగ కూడా చూడండి. అద్దమంతా తెల్లటి నురగతో నిండిపోతే బొమ్మకు కళ వస్తుంది. కానీ ఫ్రంట్ లోడ్ మెషిన్‌లో బట్టలు పైకి లేచి కింద పడుతుంటేనే మురికి వదులుతుంది. నురగ ఎక్కువైతే ఆ దెబ్బ మెత్తబడిపోతుంది, బట్ట సరిగ్గా శుభ్రపడదు. నురగ తక్కువ వచ్చే పౌడర్లు పుట్టింది ఇందుకే.

నాకు బాగా కోపం తెప్పించేవి రింగర్ మెషిన్ల బొమ్మలు. రెండు రబ్బరు రోలర్ల మధ్య తడిబట్ట పెడితే నీళ్లు కారిపోతాయి. వేలు పెడితే చెయ్యి మోచేతి దాకా లాగేస్తుంది. 1938 నాటికే అమెరికా వైద్య పత్రికల్లో ఈ గాయాల గురించి రాశారు, వాటికి ‘రింగర్ ఆర్మ్’ అని పేరు కూడా పెట్టారు. దెబ్బతిన్నవాళ్లలో చాలామంది పిల్లలే. ఏ ప్రకటనలోనైనా తిరుగుతున్న రోలర్ల దగ్గర వదులు చేతుల గౌను వేసుకున్న తల్లి గానీ, పక్కనే చిన్న పాప గానీ కనిపిస్తే, దాన్ని ముద్దుగా ఉందని నేను అనలేను.

ఇక ఫోటోలు తిరగబడి అచ్చవడం. పేజీలో ఎడమవైపు చూడాల్సిన మనిషి కుడివైపు చూస్తుంటే నెగటివ్‌ను తిప్పేసేవారు. మెషిన్ మీది పేరు అక్షరాలు దిద్దేస్తారు కానీ మిగతావి మరిచిపోతారు. అమెరికాలో పెళ్లి ఉంగరం ఎడమచేతికి పెట్టుకుంటారు, బొమ్మలో కుడిచేతికి ఉంటే అనుమానించండి. పక్కన భర్త ఉంటే అతని చొక్కా గుండీలు అతని కుడివైపు కాకుండా ఎడమవైపు ఉన్నాయేమో చూడండి. డయల్ మీద అంకెలు వెనక్కి నడుస్తుంటే ఇక సందేహమే అక్కర్లేదు.

ఈ పాత ప్రకటనలను అమ్మేవాళ్లు వాటికి రాసే తారీఖుల్లోనూ తప్పులుంటాయి. టైడ్ పౌడర్ 1946లో వచ్చింది. ఆ డబ్బా కనిపించే ప్రకటన అంతకంటే పాతది కాదు. కంపెనీ అడ్రసులో అయిదంకెల జిప్ కోడ్ (మన పిన్ కోడ్ లాంటిది) ఉంటే అది 1963కు ముందుది కాదు.

ప్రకటనల్లో తప్పులే కాదు, ప్రకటనలు దిద్దిన తప్పు కూడా ఒకటి ఉంది. ఎలక్ట్రిక్ వాషింగ్ మెషిన్‌ను కనిపెట్టింది ఆల్వా ఫిషర్ అని చాలాచోట్ల చదువుతాం. అతని పేటెంట్ 1910 నాటిది. కానీ 1904లోనే అమెరికా పేపర్లలో ఎలక్ట్రిక్ వాషింగ్ మెషిన్లకు ప్రకటనలు వచ్చాయి! అప్పటి పేపర్లు ఎన్నో అమెరికా ప్రభుత్వ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఎవరైనా తెరిచి చూసుకోవచ్చు.